సెక్రటరీగారి బిరడా

మా అల్లుడు చాలా మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఆఫీసు నుంచి నేరుగా ఇంటికొస్తాడు, ఒకరి సొమ్ము ముట్టడు, నన్ను "అత్తయ్యగారూ" అని తప్ప పిలవడు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, పక్కవాళ్ళ గోడలు చూడడం.

వాళ్ళ కాలనీలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ప్రతి ఇంటికీ వీధి మెట్ల పక్కనే బాత్రూము గోడ. ఆ గోడలోంచి, కింద నిలబడ్డ మనిషి తలెత్తున, బొటనవేలంత లావు గొట్టం ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. లోపల ఫ్లష్ ట్యాంకులో నీళ్ళు నిండుతుంటే ప్లాస్టిక్ బంతి ఒకటి పైకి తేలి, నీళ్ళొచ్చే దారి మూసెయ్యాలి. అది సరిగ్గా మూయకపోతే నీళ్ళు ఇంకా పెరుగుతాయి. అంచు దాటి గదిలో పడకుండా, ట్యాంకు పక్కనున్న బెజ్జంలోంచి ఈ గొట్టంలోకి పోయి, వీధి మెట్ల పక్కన చుక్కచుక్కగా కారతాయి. ఇంట్లోవాళ్ళకి తెలియకపోయినా దారినపోయేవాళ్ళకి తెలిసిపోతుంది. ఆ ఇళ్ళు కట్టినవాడెవడోగాని లోకం తెలిసినవాడు. ఇంటిగుట్టు వీధిలో పెట్టడానికి అత్తాకోడళ్ళు పోట్లాడుకోనక్కర్లేదు, గొట్టం చాలనుకున్నాడు.

మా అల్లుడు కాలనీ సంఘానికి సెక్రటరీ అయ్యాక ఆ గొట్టాలకి మంచిరోజులు పోయాయి. పొద్దున్నే నడక పేరుతో బయల్దేరి, ఒక్కో ఇంటి ముందూ ఆగి, మెడ సాచి గొట్టం మూతి చూసేవాడు. చుక్క కనబడిందా, గేటు కొట్టేవాడు. ఇంటాయన పళ్ళు తోముకుంటూ వస్తే నీటి విలువ గురించి ఉపన్యాసం. అది విని ఆయన నోట్లో నురగ ఆరిపోయేది. తర్వాత కాలనీ గేటు దగ్గర నోటీసు బోర్డు మీద సుద్దముక్కతో ఆ ఇంటి నంబరు. పైన "నీటిచుక్క విలువ తెలియని ఇళ్ళు" అని శీర్షిక. ఎదురింటి టైలరు నంబరైతే దానిమీద పర్మనెంటు. జనం మా అల్లుడికి చుక్కల సెక్రటరీ అని పేరు పెట్టారు. ఆయన అది బిరుదనుకున్నాడు.

అలాంటి రోజుల్లో మా అమ్మాయి ఫోను చేసింది. వాళ్ళత్తగారికి మతిమరుపు ముదిరిందిట. పొద్దున్న అమ్మాయి పాఠాలు చెప్పే బడికీ, అల్లుడు ఆఫీసుకీ వెళ్ళిపోతే పగలంతా ఆవిడ ఒక్కతే ఇంట్లో ఉంటుంది. సాయంత్రం వీళ్ళు వచ్చేసరికి బాత్రూములోంచి హాల్లోకి నీళ్ళు. కుళాయి తిప్పి కట్టెయ్యడం మర్చిపోతోందిట. అడిగితే కట్టేశాను అంటుందిట. ఈ లెక్కన రేపు గ్యాసు కూడా మర్చిపోతే ఏంగాను అని అమ్మాయి భయం. ముసలివాళ్ళని చూసుకునే చోటొకటి మాట్లాడారు, పూలమొక్కలవీ ఉన్నాయి, సోమవారం చేర్చాలి, ఆవిడ మాత్రం ఊఁ అనడం లేదు. "నువ్వు చెప్తే వింటుందమ్మా" అంది.

నేను నాలుగు బట్టలు సర్దుకుని రాయబారానికి బయల్దేరాను.

మా వియ్యపురాలి సంగతి చెప్పాలి. ఆవిడ జ్ఞాపకశక్తి అంటే నాకు మొదట్నించీ హడలు. మా పిల్లల పెళ్ళి మాటల రోజున నేను నోరుజారి అన్న ఒక్క మాట ఆవిడ ఇన్నేళ్ళుగా భద్రంగా దాచుకుని, అవసరమైనప్పుడల్లా తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ లోపల పెట్టేది. అలాంటి మనిషికి మతిమరుపంటే నాకు నమ్మకం కుదరలేదు. నిజంగా వస్తే ముందు ఆ మాట మర్చిపోతే బాగుండునని మాత్రం అనుకున్నాను.

వెళ్ళి చూస్తే ఆవిడ సగమైంది. బాత్రూములోకి వెళ్ళొచ్చి కూర్చుంటుంది, మళ్ళీ లేచి వెళ్ళి కుళాయి కింద చెయ్యి పెట్టి చూస్తుంది, వచ్చి కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది. ఇంట్లోవాళ్ళు అన్నారని కాదు, ఆవిడే నమ్మడం మొదలుపెట్టింది. మంచం కింద సంచి అప్పుడే సర్దేసి ఉంది. నేను రాయబారం ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుంటే ఆవిడే నా చెయ్యి పట్టుకుంది.

"కుళాయి కట్టేశానని నా చేతికి గుర్తుంది వదినగారూ. నాకే గుర్తులేదేమో" అంది.

నేను మోసుకొచ్చిన రాయబారం మళ్ళీ నా బట్టల సంచిలోనే పెట్టేశాను.

ఆ మధ్యాహ్నం ఇద్దరం హాల్లో టీ తాగుతూ కూర్చున్నాం. ఆవిడ నన్ను కదలనివ్వలేదు, నేను ఆవిణ్ణి కదలనివ్వలేదు. ఇద్దరికీ చెప్పుకోడానికి మా ఇంటాయనలు ఉన్నారు. పోయినవాళ్ళ మీద చాడీలు చెప్పుకుంటే వచ్చే సుఖం వేరు, తిరిగి జవాబు చెప్పరు. ఆవిడ చెప్తూ చెప్తూ ఆగిపోయి నేలవైపు చూసింది. బాత్రూము తలుపు కిందనుంచి సన్నటి నీటిపాయ, మేం చూస్తుండగానే, మా కాళ్ళ దగ్గరికి వస్తోంది.

వెళ్ళి చూశాం. కుళాయిలన్నీ బిగించి ఉన్నాయి. బకెట్టు బోర్లించి ఉంది. నీళ్ళు ఫ్లష్ ట్యాంకు మూతకిందనుంచి ఊరుతూ, దాని తెల్లటి పొట్టమీదుగా జారి నేలమీద పడుతున్నాయి. మూత ఎత్తితే నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. ఆవిడ ట్యాంకు పిడి ముట్టదు. ఒక్కసారి లాగితే బకెట్టెడు నీళ్ళు పోతాయని కొడుకు చెప్పిన దగ్గర్నుంచీ చెంబుతోనే కానిస్తోంది. అంటే పొద్దున్న వీళ్ళు వెళ్ళినప్పట్నించి ఆ ట్యాంకుని కదిపినవాళ్ళు లేరు. అది తీరుబడిగా నిండుతూ పోయింది. కొడుకు మాట విన్నందుకు ఆవిడకి దక్కిన ఫలం అది.

సాయంత్రం అమ్మాయికి అంతా చెప్పాను. అది తలూపుతూ విని, వాళ్ళత్తగారి వంక ఎలా చూస్తుందో నా వంకా అలాగే చూసింది. నాకు అప్పుడు తెలిసింది, ఒక ముసలమ్మ చెప్తే మతిమరుపు, ఇద్దరు చెప్తే అంటురోగం.

అల్లుడు మాత్రం ఓపిగ్గా కూర్చోబెట్టి నచ్చజెప్పాడు. ఉపన్యాసం ఇచ్చే అవకాశం ఆయన ఎప్పుడూ వదులుకోడు. ట్యాంకు ఎలా నిండుతుందో, బంతి ఎలా తేలుతుందో, ఎక్కువైన నీళ్ళు ఏ బెజ్జంలోంచి ఎటు పోతాయో చెంబూ గ్లాసూ పెట్టి చూపించాడు. ట్యాంకు పొంగడమనేది జరగదనీ, పొంగేముందే నీళ్ళు బయటికి పోతాయనీ, అందుకే ఆ గొట్టం పెట్టారనీ చెప్పాడు.

"ట్యాంకులో లోపముంటే ముందు గొట్టం కారాలి కదా అత్తయ్యగారూ. మన గొట్టం చూడండి, ఎంత పొడిగా ఉందో" అన్నాడు.

వాదనలో ఎక్కడా లొసుగు లేదు. అందుకే పొద్దున్నే లేచి చూడమన్న గొట్టం చూడ్డానికి వెళ్ళాను.

ముందు కాలనీ అంతా ఓ చుట్టు చుట్టాను. గొట్టాలన్నీ ఆవులిస్తున్నట్టు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కొన్ని కారుతున్నాయి, కొన్ని లేదు, టైలరుది సరేసరి. తిరిగొచ్చి మనింటి గొట్టం చూశాను. కాలనీలో గొట్టాలన్నిటికీ నోరు తెరిచి ఉంది, సెక్రటరీగారి గొట్టానికి మాత్రం మూసుంది. మూతిమీద గోడరంగే పూసి ఉంది. గోటితో గీరితే రంగు పెచ్చులూడి, కింద బిరడా కనబడింది. సీసా బిరడా. ఏ రకం సీసాకి వస్తుందో నేను చెప్పను. మా అల్లుడు మంచివాడని ముందే చెప్పాను కదా.

వదినగారిని పిలుచుకొచ్చి చూపించాను. ఆవిడ బిరడాని వేలితో తడిమి చూసింది. తర్వాత మెల్లిగా చెప్పింది. వేసవికి ముందు ఒక ఆదివారం కొడుకు మొహానికి గుడ్డ చుట్టుకుని, మెట్ల దగ్గర కందిరీగలు గూడు పెట్టాయి, కిటికీలన్నీ మూసుకోండి అని అందర్నీ లోపలికి తోలేశాడుట. కొడుకుని కుడతాయేమోనని ఈవిడ లోపల కూర్చుని దణ్ణాలు పెట్టుకుందిట.

నీటిపాయ హాల్లోకి రావడం ఎప్పుడు మొదలైందని అడిగాను. ఆవిడ నావంక చూసింది. ఆ జ్ఞాపకశక్తి ఎక్కడికీ పోలేదు. కందిరీగల మర్నాడే అంది.

ఆయనగారి కష్టం నేను ఊహించగలను. లోకానికంతా చుక్క లెక్క చెప్పే మనిషి ఇంటి గొట్టం ఒకరోజు కారడం మొదలుపెట్టింది. లోపల ఓ వాషరు అరిగి ఉంటుంది, అంతే. ప్లంబరుని పిలిస్తే టీ చల్లారేలోగా అయ్యే పని. కానీ ఆ కాలనీ ప్లంబరు పని చేసేది చేతులతో, బతికేది నోటితో. అతని సంచి ఏ గేటు ముందు దిగితే ఆ ఇంటి కథ సాయంత్రానికి అన్ని గేట్లూ తిరుగుతుంది. అందుకని సెక్రటరీగారు గొట్టానికి గొంతు నొక్కారు. నీళ్ళకి పరువు తెలియదు. బయటి దారి మూస్తే లోపలి దారి చూసుకున్నాయి. తల్లి మర్చిపోతోందని మొదట ఆయన నిజంగానే నమ్మి ఉండొచ్చు. అలా నమ్మడానికి పెద్ద శ్రమ అక్కర్లేదు, తల్లి ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది.

నేను అప్పుడే లోపలికి వెళ్ళి అమ్మాయిని లేపుదామనుకున్నాను. వదినగారు నా కొంగు పట్టుకుని ఆపింది. ఎవరికీ చెప్పొద్దంది. ఆదివారం చుట్టుపక్కల కాలనీల పెద్దలందరూ వస్తున్నారుట. వీళ్ళ కాలనీకి పొడి కాలనీ అని పేరొచ్చింది, అన్ని కాలనీలకీ కలిపి కొడుకుని ప్రెసిడెంటు చేస్తారుట. ఈ సమయంలో ఈ సంగతి బయటపడితే వాడు తలెత్తుకోలేడు, నేను వెళ్ళి నాలుగు పూలమొక్కల మధ్య కూర్చుంటే ఎవరికీ నష్టం లేదు అంది.

"మీ అబ్బాయి పరువు సీసామూతంత ఉంది వదినగారూ. దానికోసం మిమ్మల్ని ఇల్లు దాటిస్తారా" అన్నాను.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ పెళ్ళి మాటల రోజున నేనన్న మాట తీసి దులిపింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

సరే, బయటివాళ్ళ ముందు నోరెత్తనని మాటిచ్చాను. ఇంట్లో ఎత్తననలేదు. రాత్రి అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు, మెట్ల దగ్గర కందిరీగలు మళ్ళీ గూడు పెట్టాయేమో చూడండి బాబూ అని అల్లుడితో మామూలుగా అన్నాను. నోటిదాకా వెళ్ళిన మంచినీళ్ళ గ్లాసు అక్కడే ఆగింది. ఆయన నన్ను చూశాడు. తల్లిని చూశాడు. గ్లాసు కింద పెట్టి, "ఆదివారం తర్వాత చూద్దాం అత్తయ్యగారూ" అన్నాడు.

ఆదివారం తర్వాత వచ్చేది సోమవారం. సోమవారం తల్లి ప్రయాణం. ఆ రెండూ ఆయనకి గుర్తున్నాయి. ఆ ఇంట్లో మతిమరుపు ఎవరికీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం నుంచీ అందరం ఆవరణలో కుర్చీలు వేయడం, గుడ్డలు పరవడంలోనే ఉన్నాం. బాత్రూము మొహం చూసినవాళ్ళు లేరు. సాయంత్రం పెద్దలొచ్చారు. అందరికన్నా పెద్దాయన రిటైరైన ఇంజనీరు, తెల్లటి కాన్వాసు బూట్లు వేసుకొచ్చాడు. మా అల్లుడు వాళ్ళని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి, తన గొట్టం కింద నిలబెట్టి, చెయ్యి పైకి చూపిస్తూ మాట్లాడుతున్నాడు. టైలరు ఓ మూల నిలబడి వింటున్నాడు. ఆ బోర్డు మీద అన్నాళ్ళున్నందుకు అతన్ని కూడా పిలిచారు, చూసి నేర్చుకుంటాడని.

ఇంజనీరు గొట్టం మెచ్చుకుని, చూపు దించి, గడప దాటి మెట్లమీదకి దిగుతున్న నీటిపాయని చూశాడు. ఇదేమిటని అడిగాడు.

అప్పటికి వదినగారు టీ కప్పుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ వెనక నేను.

మా అల్లుడు గొంతు తగ్గించాడు. సభల్లో గొంతు తగ్గిస్తే ఇంకా బాగా వినబడుతుందని ఆయనకి తెలుసు. "మా అమ్మండీ. పెద్దదైపోయింది. కుళాయి తిప్పి వదిలేస్తుంది, గుర్తుండదు. రేపు మంచి చోట చేరుస్తున్నాం" అన్నాడు.

పెద్దలందరూ జాలిగా నోళ్ళు చప్పరించారు. ఎవరో అయ్యో పాపం అన్నారు. ఇంజనీరు మా అల్లుడి భుజం తట్టాడు.

వదినగారు పళ్ళెం నా చేతుల్లో పెట్టి లోపలికి వెళ్ళింది. మంచం మీద పడి ఏడుస్తోందేమోనని నేను తిరిగి చూసేలోగా, గరిటె పట్టుకుని వచ్చింది. జనం తప్పుకుని దారిచ్చారు. మతిలేని మనిషి చేతిలో గరిటె ఉంటే ఎవరైనా దారిస్తారు. ఆవిడ ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి గొట్టం ముందు నిలబడింది.

"కందిరీగల గూడు అన్నావు కదరా. పెద్దలంతా ఉన్నారు, ఓసారి చూపిద్దాం" అంది.

అల్లుడు "అమ్మా" అన్నాడు. ఆ అనడంలో సెక్రటరీ లేడు, చిన్నప్పటి పిల్లాడున్నాడు. ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది కూడా. ఆగి, గరిటె కాడ బిరడా సందులో పెట్టి తిప్పింది.

బిరడా ఎగిరిపడింది. దాని వెనకే నీళ్ళు. మధ్యాహ్నం నుంచీ ట్యాంకులో అంచుదాకా పేరుకున్న నీళ్ళు ధారకట్టి, తిన్నగా వెళ్ళి ఇంజనీరుగారి తెల్లబూట్లలో పడ్డాయి. ఆయన పెద్దమనిషి కాబట్టి కదలకుండా నిలబడ్డాడు. ధార సన్నబడింది. తర్వాత చుక్కలైంది. తర్వాత ఒక్కో చుక్కా వినబడింది.

బిరడా దొర్లుకుంటూ టైలరు కాళ్ళ దగ్గర ఆగింది. అతను వంగి తీసి, అటూ ఇటూ తిప్పి, వాసన చూశాడు.

"కందిరీగలు మంచి సరుకే తాగుతున్నాయండీ" అన్నాడు.

ఎవరో దగ్గినట్టు నవ్వారు. ఇంకొకరు నవ్వినట్టు దగ్గారు. మా అమ్మాయి మొహం చూడలేకపోయాను. అది గుమ్మంలో నీటిపాయని, గొట్టాన్ని, మొగుణ్ణి, మార్చి మార్చి చూస్తోంది. అది లెక్కలు చెప్పే పంతులమ్మ, కూడుకోడానికి దానికి ఎక్కువసేపు పట్టదు. అక్కణ్ణించి నేరుగా అత్తగారి గదిలోకి వెళ్ళి, మంచం కిందనుంచి సంచి లాగి, ఒక్కో బట్టా తీసి మళ్ళీ బీరువాలో పెట్టడం మొదలుపెట్టింది. మాటల్లో క్షమాపణ చెప్పలేదు. ఆ మడతలు మాత్రం ఆవిడ పెట్టినదానికన్నా నలగకుండా పెట్టింది.

ఇక్కడితో మా అల్లుడు తలవంచుకుని ఉంటాడని మీరు అనుకుంటే, మీరు ఎప్పుడూ ఏ సంఘానికీ సెక్రటరీగా చేయలేదన్నమాట.

ఆయన చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా ఈ విషయమే అందరి ముందూ పెడదామనుకున్నానన్నాడు. ఇవి పాతకాలపు గొట్టాలు, వీటివల్లే మన కాలనీల పరువు వీధిన పడుతోంది, గోడలు చెమ్మెక్కుతున్నాయి, ఇరుగుపొరుగుల మధ్య తగాదాలొస్తున్నాయి అన్నాడు. ఇప్పుడు కొత్తరకం ట్యాంకులొచ్చాయి, వాటిలో పొంగే నీళ్ళు బయటికి రావు, లోపలే మధ్యలో నిలబెట్టిన గొట్టంలోకి దిగి, నేరుగా కమోడులోకి పోయి, అక్కణ్ణించి మురుక్కాలవలో కలుస్తాయి, గోడకి బెజ్జమే ఉండదు అన్నాడు.

అంటే కారితే ఎవరికీ కనబడదన్నమాట అన్నాడు టైలరు.

"ఎవరికీ కనబడదు" అన్నాడు మా అల్లుడు గర్వంగా.

పెద్దలు ఆలోచనలో పడ్డారు. వాళ్ళందరి ఇళ్ళకీ గొట్టాలున్నాయి. ఇంజనీరు తడి బూట్లు ఒకదాన్నొకటి రుద్దుకుంటూ, విషయంలో సారముందన్నాడు. ముందు ఆయనే చప్పట్లు కొట్టాడు, తర్వాత అందరూ కొట్టారు. టీలు చల్లారకముందే మా అల్లుడు అన్ని కాలనీలకీ ప్రెసిడెంటయ్యాడు. మర్నాడు నోటీసు బోర్డు తుడిచేశారు. టైలరు నంబరు మాత్రం ఎంత తుడిచినా అచ్చు పోలేదు.

కొత్త ట్యాంకు బిగించేదాకా ఉండమని వదినగారు నన్ను పోనివ్వలేదు. ప్లంబరు ఈసారి సంచి ఊపుకుంటూ దర్జాగా వచ్చాడు, ఇప్పుడు అన్ని గేట్ల ముందూ అదే సంచి కదా. పాత బెజ్జం సిమెంటుతో పూడ్చి, కొత్తది తగిలించి, నీళ్ళు మధ్య గొట్టం అంచుదాకా నిండేలా బంతి కాస్త ఎత్తుగానే బిగించి పోయాడు. మెట్లు ఎండిపోయాయి. ఇదివరకు గొట్టాల కింద మొలిచే గడ్డీ ఎండిపోయింది. మా అల్లుడు మటుకు ఎవరడిగినా, కొత్త ట్యాంకు వచ్చినప్పట్నించి అమ్మకి జ్ఞాపకశక్తి మెరుగైందని చెప్పుకుంటున్నాడు.

నేను బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం ఇద్దరం హాల్లో కూర్చున్నాం. ఇంటాయనల చాడీలు అయిపోయాయి. ఇల్లంతా నిశ్శబ్దం. వదినగారు చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దంది. విన్నాను. బాత్రూములోంచి, చెవిపెడితేగాని వినబడనంత సన్నగా, ఆగకుండా సన్న ధార చప్పుడు.

ఆవిడ లేచి వెళ్ళి, తెల్లబట్టలకి పెట్టే నీలిమందు సీసా పట్టుకొచ్చింది. ట్యాంకు మూత ఎత్తి ధారాళంగా వంచింది. మూత పెట్టి, సీసా యథాస్థానంలో పెట్టి, వచ్చి టీ అందుకుంది.

సాయంత్రం ప్రెసిడెంటుగారు ఆఫీసు నుంచి వచ్చి బాత్రూములోకి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా బయటికొచ్చాడు. ఎవరూ పిడి లాగకుండానే కమోడు నిండా నీలంగా ఉందనీ, గోడలవెంట ఇంకా దిగుతూనే ఉందనీ, ఇదెవరి పనో చెప్పమనీ అడిగాడు. అమ్మాయి నన్ను చూసింది. నేను వదినగారిని చూశాను.

ఆవిడ టీ ఊదుకుని ఓ గుటక వేసింది.

"ఏమో నాయనా. నాకు గుర్తుండదు కదా" అంది.